గాజుతొట్టిలో సముద్రము

విశాఖపట్టణమునకు నైరుతి దిక్కున, వరాహనది యొడ్డున, ఏటికొప్పాక అను గ్రామము కలదు. పేరులోనే ఏటిని నిలుపుకొన్న యీ యూరు అంకుడుకఱ్ఱతో చేసి లక్కరంగులు పూసిన బొమ్మలకు ప్రసిద్ధి కెక్కినది. ఆ ప్రాంతమంతయు చెఱకు పండు నేల. వరాహనది యచ్చటినుండి సాగి, శారదానదితో కూడి, రాంబిల్లి ప్రాంతమున బంగాళాఖాతమును చేరును. సముద్రము ఇంత చేరువలో నున్నచోట, సముద్రపు చేపలను ఇంటిలో పెంచి చూడవలెనను కోరిక బాలబాలికలకు కలుగుట సహజమే. అట్టి కోరికతో ఉప్పునీటి తొట్టిని అమర్చుకొనువారికి, తఱచుగా మొదటి కొన్ని మాసములలోనే ఒక చిక్కు ఎదురగుచుండును. నిన్నటివఱకు తేటగా నుండిన తొట్టిలో గాజుగోడలు పచ్చబారును. ఇసుకపై గోధుమరంగు పొర యేర్పడును. రాళ్లకు వెండ్రుకలవంటి నాచు వ్రేలాడును. కొన్నాళ్లకు తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. అప్పటికిని జాగ్రత్తపడనిచో అవి ఒక్కొక్కటిగా చనిపోవును.

ఈ ఆపద ఎందువలన వచ్చుచున్నది? దీనిని మాన్పుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్నచో ఒక్క గాజుతొట్టి సంగతియే కాక, మన యూరి చెఱువు సంగతియు, సముద్రము సంగతియు కొంతవఱకు తెలిసినట్లే యగును.

మొదట నాచు అననేమో తెలిసికొందము. శాస్త్రజ్ఞులు దీనిని శైవలమందురు. దీనికి వేళ్లు లేవు, పూవులు లేవు, విత్తనములు లేవు. కాని పచ్చని చెట్టు చేయు ముఖ్యమైన పనిని ఇదియు చేయును. సూర్యకాంతి సహాయముతో బొగ్గుపులుసు వాయువును, నీటిని కలిపి తన యాహారమును తానే తయారుచేసికొనును, ప్రాణవాయువును వెలువరించును. కొన్ని శైవలములు కంటికి కనబడనంత చిన్నవి. కొన్ని సముద్రములో పదుల గజముల పొడవు పెరుగును. భూమిపై జఱుగుచున్న కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగము సముద్రమునందలి సూక్ష్మజీవులవలననే జఱుగుచున్నది. కావున నాచును కేవలము మాలిన్యమని తలచుట తప్పు. చేప లున్నచోట నాచు ఉండితీరును. అది మితిమీఱి పెరుగుటయే చిక్కు.

సముద్రజీవులను గాజుతొట్టిలో నుంచి పరిశీలించుట నేటి ముచ్చట కాదు. 1832 ప్రాంతమున జాన్ విల్‌ప్రూ పవర్ అను ఫ్రెంచి వనిత సిసిలీ ద్వీపమున గాజుతొట్లను చేయించి సముద్రజీవుల జీవితమును పరిశోధించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకొఱకు జలజీవశాల తెఱవబడెను. మఱుసటి సంవత్సరమున ఫిలిప్ హెన్రీ గాస్ అను నాంగ్లేయుడు ఈ విషయమై ఒక గ్రంథము ప్రకటించెను. ‘అక్వేరియము’ అను పేరు లోకమునకు పరిచితమగుటకు ఆయన గ్రంథమే ముఖ్యకారణము. ఆ కాలపువారు తెలిసికొన్న మొదటి పాఠమే నేటికిని చెల్లుచున్నది: తొట్టిలోనికి చేరునది, తొట్టినుండి పోవునది సరిసమానముగా నుండవలెను.

సముద్రజలమనగా ఉప్పు కలిపిన నీరు మాత్రమే కాదు. ఒక కిలోగ్రాము సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణము లుండును. వానిలో వంట ఉప్పునకు సంబంధించిన సోడియము, క్లోరైడు కలిసి నూటికి 85 పాళ్లకు పైగా నుండును. తక్కినది మెగ్నీషియము, గంధకపు లవణములు, కాల్షియము, పొటాసియము మొదలగునవి. 1872 నుండి 1876 వఱకు ‘చాలెంజరు’ అను నౌక ప్రపంచ సముద్రములను చుట్టి తెచ్చిన నీటిలో 77 నమూనాలను డిట్మార్ అను రసాయన శాస్త్రజ్ఞుడు పరీక్షించి, ఉప్పదనము ఎక్కువతక్కువలుగా నున్నను ఈ ముఖ్యలవణముల పరస్పర నిష్పత్తి మాత్రము దాదాపు ఒక్కటియేయని 1884లో ప్రకటించెను. కావున వంట ఉప్పును నీటిలో కలిపినంతమాత్రమున సముద్రజలము కాజాలదు. ఇందులకై ప్రత్యేకముగా తయారుచేసిన లవణమిశ్రమమును వాడవలెను.

తీరము దగ్గఱనే యున్నది గదా, అచ్చటి నీటినే తెచ్చికొనరాదా యని మీరడుగవచ్చును. తేవచ్చును గాని నదీముఖము దగ్గఱి నీరు తగదు. వానకాలమున గంగా, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు నదుల నీరు వచ్చి కలియుటవలన బంగాళాఖాతపు పైనీటి యుప్పదనము బాగుగా తగ్గును. పైగా ఆ నీటితోపాటు ఒండ్రును, పొలములలోని యెఱువులును కొట్టుకొనివచ్చును. అట్టి నీరు తెచ్చి పోసినవాడు చేపలతోపాటు నాచునకు కూడ విందు పెట్టినవాడగును.

ఇక నాచునకు విందు ఎచ్చటనుండి వచ్చుచున్నదో చూతము. మనము తొట్టిలో వేయు మేతను చేపలు తినును. తినగా మిగిలినది అడుగున చేరి క్రుళ్లును. చేపల విసర్జనమునుండి, క్రుళ్లిన మేతనుండి అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. ఇసుకయందును రాళ్ల సందులయందును నివసించు ఒక తెగ సూక్ష్మజీవులు ఆ యమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేఱొక తెగ దానిని నైట్రేటుగా మార్చును. నైట్రేటు చేపల కంతగా హానికరము కాదు. నేలలో జఱుగు నీ మార్పునకు సూక్ష్మజీవులే కారణమని 1890 ప్రాంతమున వినొగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రవేత్త నిరూపించెను. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు నిలద్రొక్కుకొనుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. తొట్టి అమర్చిన మఱునాడే చేపలను వదలువారు నష్టపోవుట కిదియే హేతువు.

కథ నైట్రేటుతో ముగియలేదు. చెఱకు తోటకు రైతు వేయు యూరియాలోని నత్రజనియు, ఈ నైట్రేటులోని నత్రజనియు ఒక్కటియే. చేపలకు విషము కాకుండ మిగిలిన నైట్రేటు నాచునకు ఎఱువగును. మేతనుండి భాస్వరము కూడ ఫాస్ఫేటు రూపమున నీటిలో చేరుచుండును. నత్రజని, భాస్వరము, వెలుతురు మూడును సమృద్ధిగా దొరికినప్పుడు నాచు పెరుగక మఱేమి చేయును? మనము తెలియకయే నీటిలో సేద్యము చేయుచున్నాము.

ఒక చిన్న లెక్క వేసి చూడుడు. ఎండుమేతలో నూటికి సుమారు ఒక పాలు భాస్వరముండు ననుకొందము. ఒక గ్రాము మేతలో 10 మిల్లీగ్రాముల భాస్వరమున్నట్లు. అది పూర్తిగా ఫాస్ఫేటుగా మాఱినచో సుమారు 30 మిల్లీగ్రాములగును. నూఱు లీటర్ల తొట్టిలో చేపలు తినక విడిచిన ఒక్క గ్రాము మేత క్రుళ్లినచో లీటరునకు 0.3 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు చేరును. ఉప్పునీటి తొట్టిలో ఫాస్ఫేటు లీటరునకు 0.1 మిల్లీగ్రాము మించకుండ నుంచుట మంచిదని అనుభవజ్ఞులు చెప్పుదురు. అనగా ఒక్క చిటికెడు మేత మూడింతల యపరాధము చేయుచున్నది! చేపలు ఆకలితో చచ్చునేమోయను జాలితో మనము వేయు అదనపు మేతయే వాని ప్రాణము తీయుచున్నది.

ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అను అమెరికా శాస్త్రవేత్త సముద్రమునందలి సూక్ష్మశైవలముల దేహములలో 106 కర్బన పరమాణువులకు 16 నత్రజని పరమాణువులును, 1 భాస్వర పరమాణువును ఉండునని గుర్తించెను. దీనినిబట్టి ఒక సూత్రము తెలియుచున్నది. తక్కినవి యెంత పుష్కలముగా నున్నను, ఏది యన్నిటికంటె కొఱతగా నున్నదో దానిని బట్టియే పెరుగుదల ఆగును. పప్పు, నూనె, కూరలు నిండుగా నున్నను ఇంటిలో బియ్యము నిండుకొన్నచో భోజనము సాగదు గదా! నాచును అదుపు చేయదలచువాడు దాని యాహారములో ఒకదానిని తగ్గించినను చాలును. అయితే రెంటిని పూర్తిగా శూన్యము చేయబూనుట అవివేకము. అట్లు చేసిన తొట్లలో అంతకంటె మొండివైన సూక్ష్మజీవులు విజృంభించుట పెంపకందారుల యనుభవమున కలదు.

నాచులన్నియు ఒక్క జాతివి కావు. రంగును బట్టి కారణమును కొంత ఊహింపవచ్చును. క్రొత్త తొట్టిలో ఇసుకపై పఱచుకొను గోధుమరంగు పొర సాధారణముగా డయాటములది. ఇవి నీటిలోని సిలికాతో తమ చుట్టును గాజువంటి పెంకులు కట్టుకొనును. నీటిలోని సిలికా తగ్గినకొలది కొన్ని వారములలో ఇవి తమంతట తామే తగ్గును. వీనిని చూచి భయపడ నక్కఱలేదు. గాజుపై పలుచగా పట్టు పచ్చనిపొరను అప్పుడప్పుడు గీకివేసిన చాలును. రాళ్లపై పొడవుగా పెరుగు వెండ్రుకనాచు నైట్రేటు, ఫాస్ఫేటు ఎక్కువైనవని తెలుపు హెచ్చరిక. ఎఱ్ఱని జిగురుదుప్పటివలె కప్పునది నిజముగా నాచు కాదు. అది నీలిహరితములని పిలువబడు సూక్ష్మజీవుల కూటమి. నీటి కదలిక మందగించినచోట, మాలిన్యము నిలిచినచోట అది చేరును. నీరంతయు పచ్చిబఠాణీల రసమువలె మాఱినచో తేలియాడు సూక్ష్మశైవలములు పెచ్చుపెరిగినవని తెలియవలెను.

ఈ చివరి స్థితియే మిక్కిలి ప్రమాదకరము. పగటివేళ నాచు ప్రాణవాయువు నిచ్చును; కాని రాత్రివేళ వెలుతురు లేనందున ఇచ్చుట మాని, చేపలవలెనే తానును ప్రాణవాయువును పీల్చుకొనును. 27 డిగ్రీల సెల్సియసు వేడిమిలో ఒక లీటరు మంచినీరు సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువును ఇముడ్చుకొనగలదు. సముద్రజలము సుమారు ఆఱున్నర మిల్లీగ్రాములను మాత్రమే ఇముడ్చుకొనగలదు. ఆ కొద్ది నిధిని రాత్రియంతయు నాచును, చేపలును, సూక్ష్మజీవులును పంచుకొనవలెను. తెల్లవారుసరికి నిధి అడుగంటును. అందువలననే చేపలు వేకువను నోళ్లు తెఱచును. కోస్తా జిల్లాలలో రొయ్యల చెఱువులవారు రాత్రులందు తెడ్లచక్రముల యంత్రములను త్రిప్పి నీటిని చిలుకుట కిదియే కారణము. ఇంటి తొట్టికి అంత యంత్రము వలదు. గాలిపంపును రాత్రియంతయు నడుపుచు, నీటి పైభాగము కదలునట్లు చేసిన చాలును.

ఇప్పుడు చికిత్స యేమో చూతము. మొదట నాచును చేతితో తీసివేయవలెను. తీసిన ప్రతి పిడికెడు నాచుతోపాటు అది తినిన నత్రజని, భాస్వరములు బయటకు పోవును. తరువాత మేతను తగ్గించి, చేపలు ఒకటి రెండు నిమిషములలో తిని ముగించునంత మాత్రమే వేయవలెను. దీపమును దినమునకు ఎనిమిది గంటలకు మించి వెలిగింపరాదు. కిటికీ యెండ తొట్టిపై పడనీయరాదు. ఇసుకలో చిక్కిన మడ్డిని గొట్టముతో పీల్చివేయవలెను.

చెఱకురసమును పెనములో కాచునప్పుడు మలినము నురుగుతో పైకి తేలగా దానిని తీసివేయుట అనకాపల్లి ప్రాంతపు పిల్లలెల్లరు చూచినదే. ఉప్పునీటి తొట్లకు కూడ ఇట్టి సాధనమొకటి కలదు. దానికి స్కిమ్మరని పేరు. అందు వేడిమి లేదు. సన్నని గాలిబుడగలను నీటిలో పంపగా, మలినపదార్థములు ఆ బుడగల నంటుకొని నురుగై పాత్రలో చేరును. అవి క్రుళ్లి ఎఱువుగా మాఱకముందే తొలగిపోవును. ఇదియే దాని గొప్పతనము.

అన్నిటికంటె ముఖ్యమైనది నీటిమార్పిడి. నైట్రేటు లీటరునకు 80 మిల్లీగ్రాములున్న తొట్టిలో వారమున కొకమాఱు అయిదవవంతు నీటిని తీసి, నైట్రేటు లేని క్రొత్త ఉప్పునీటిని పోసినచో అది మొదటివారము 64, రెండవవారము 51, మూడవవారము 41, నాల్గవవారము 33 అగును. అయితే పోయునీటిలోనే లీటరునకు 20 మిల్లీగ్రాముల నైట్రేటు ఉన్నచో నాలుగు వారములకు 45 దగ్గఱనే నిలుచును. ఎన్ని సంవత్సరములు మార్చినను 20 కంటె దిగువకు రానేరదు. మన దేశపు ప్రమాణములను బట్టి త్రాగునీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాముల వఱకు ఉండవచ్చును. కావున మనము త్రాగదగిన నీరు తొట్టికి తగియుండునని చెప్పరాదు. ఎఱువులు విరివిగా వాడు పొలముల నడుమనున్న బావినీటిని పరీక్షింపకుండ వాడరాదు. మిక్కిలి సన్నని పొరలగుండ వడపోసిన నీటితో లవణమిశ్రమమును కలుపుకొనుట మేలు.

వేసవిలో మఱొక జాగ్రత్త అవసరము. ఎండకు నీరు ఆవిరియగును. ఉప్పు ఆవిరి కాదు. నూఱు లీటర్ల తొట్టిలో 3,500 గ్రాముల ఉప్పుండు ననుకొనుడు. దినమునకు రెండు లీటర్లు ఆవిరికాగా, ఆ లోటును ఉప్పునీటితో పూరించినచో దినమునకు 70 గ్రాముల చొప్పున పదిదినములలో 700 గ్రాముల ఉప్పు అధికమగును. లీటరునకు 35 గ్రాములుండవలసినది 42 గ్రాములగును. ఆవిరియైన నీటికి బదులు మంచినీటినే పోయవలెను.

ఇంత శ్రమ యెందులకు, నాచును చంపు మందు పోసినచో సరిపోదా యని కొందఱు తలతురు. రాగి కలిసిన మందులు నాచుతోపాటు నత్తలను, రొయ్యలను, పీతలను కూడ చంపును. చచ్చిన నాచు అక్కడనే క్రుళ్లి మరల అమ్మోనియా యగును. ఎఱువు మిగిలియున్నందున నాచు మరల మొలచును. ఈ సందర్భమున ఏటికొప్పాక పనివారు నేర్పు పాఠమొకటి కలదు. అచ్చట రసాయనపు రంగుల వాడుక పెరిగిన కాలమున, పిల్లలు నోటిలో పెట్టుకొను బొమ్మలకు అట్టి రంగులు తగవని గ్రహించి, చెట్లనుండి, విత్తనములనుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చిరి. ఆ కృషి చేసిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ పురస్కారము లభించినది. వేగముగా పని ముగించు విషముకంటె నెమ్మదిగా మేలుచేయు పద్ధతియే మంచిదని ఆ బొమ్మలు చెప్పక చెప్పుచున్నవి. తొట్టిలో కూడ విషమునకు బదులు నాచును మేయు సముద్రపు నత్తలను ఉంచవచ్చును. ప్రక్కన వేఱొక చిన్నతొట్టిలో మంచిజాతి నాచును పెంచి, దానిచే ఎఱువును తినిపించి, పెరిగినకొలది కోసి పాఱవేయవచ్చును. ముల్లును ముల్లుతోనే తీయుట యనగా నిదియే.

తొట్టికి అందము కూర్చవలెనని పగడములను, సముద్రపు గుఱ్ఱములను తెచ్చుట మాత్రము కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన వానికి రక్షణ కలదు.

ఇంతవఱకు చెప్పిన ధర్మమే గాజుతొట్టి వెలుపలను నడచుచున్నది. వసంతకాలమున విశాఖతీరమున నైరుతిగాలులు వీచునప్పుడు పైనీరు సముద్రములోనికి జరిగి, అడుగున నున్న చల్లని నీరు పైకి వచ్చును. 1950 తరువాతి సంవత్సరములలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఇచ్చటివారితో కలిసి ఈ విషయమును పరిశోధించెను. ఆ యడుగునీటితోపాటు ఎఱువుకూడ పైకి వచ్చుటచే సూక్ష్మశైవలములు పెరుగును. వానిని తిని చిన్నజీవులు, చిన్నజీవులను తిని చేపలు పెరుగును. అచ్చట నాచు పెరుగుదల జాలరులకు వరము. అదే నాచు, మురుగును ఎఱువులును చేరిన యూరి చెఱువులో పెరిగినచో చేపలు చచ్చును, నీరు కంపుకొట్టును. హైదరాబాదునందలి హుసేనుసాగరమునకు పట్టిన దుర్గతి ఇట్టిదే. నాచు ఒక్కటియే, మితము తప్పుటలోనే భేదమున్నది.

తొట్టినుండి తీసిన నాచును ఏటిలోగాని, కాలువలోగాని, సముద్రతీరమునగాని పాఱవేయరాదు. అలంకారమునకై జలజీవశాలలలో పెంచిన కౌలెర్పా అను నాచు 1984లో మొనాకో తీరమున మధ్యధరా సముద్రములో కనబడినది. మొదట అది కొద్దిపాటి స్థలమునే ఆక్రమించియుండెను. తరువాత పలుదేశముల తీరములకు ప్రాకి, అచ్చటి సహజమైన మొక్కలను అణచివేసినది. 2000లో కాలిఫోర్నియాలో కూడ అది కనబడగా, నిర్మూలించితిమని 2006లో ప్రకటించువఱకు అచ్చటివారు ఎంతో ధనమును, శ్రమను వెచ్చింపవలసివచ్చెను. తీసిన నాచును ఎండబెట్టి చెత్తలో వేయుట సులువైన పని. ఏటిలో పడిన నాచును ఏరుట ఎవరితరము?

బాలబాలికలారా! తొట్టిలోని నీరు పచ్చబడినప్పుడు మందుసీసాకై పరుగెత్తక, ఒక కాగితముపై మూడు విషయములు వ్రాసికొనుడు: ఎంత మేత వేయుచున్నాము, ఎంతసేపు వెలుతురు నిచ్చుచున్నాము, ఎంతనీరు మార్చుచున్నాము. నాలుగువారములు ఓపికతో ఆ లెక్కను సరిచూచినచో నీరు తేటపడును. అట్లు లెక్కచూచుట అలవడినవాడు తన యూరి చెఱువు పచ్చబడినప్పుడు కూడ ఊరకుండడు. ఏ కాలువనుండి ఏమి వచ్చి చేరుచున్నదో వెదకును.